వాటా లేని మాట

బోర్డు రాసే ఆయన బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టి నా వైపు చూశాడు. "సార్, పైన లైఫ్ కోచ్ అని రాసేసినా. కింద తెలుగులో ఏమని రాసేది?"

మదనపల్లెలో ఇప్పుడు చేత్తో బోర్డు రాసేవాళ్లు దొరకడం కష్టం. ఫ్లెక్సీ అయితే గంటలో చేతికిస్తారు. కానీ మన ఊళ్లలో ఫ్లెక్సీ మీద మొహం కనబడిందంటే అది పుట్టినరోజు శుభాకాంక్షలన్నా అయ్యుండాలి, కన్నీటి నివాళన్నా అయ్యుండాలి. మూడో కారణం జనం ఒప్పుకోరు. అందుకని ఈయన్ని వెతికి పట్టుకొచ్చాను. నాలుగు రోజులు ఆలోచించి దాచుకున్న మాట బయటపెట్టాను: "జీవిత శిక్షకుడు."

ఆయన రాయలేదు. కింద టీ అంగడి దగ్గర నిలబడి ఈ తతంగమంతా చూస్తున్న ఒక పెద్దాయన గ్లాసు దించి అడిగాడు: "యావజ్జీవమా నాయనా? మధ్యలో బెయిలేమన్నా ఉండాదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. శిక్షణకీ శిక్షకీ మధ్య ఒక్క అక్షరమే తేడా. నేను చదువుకున్న బడిలో ఆ తేడా కూడా ఉండేది కాదు. పోనీ మార్గదర్శి అందామా అంటే చీటీ నెలకెంత అని అడుగుతారు. సలహాదారు అంటే ప్రభుత్వంలో పదవేదో వచ్చిందనుకుంటారు. గురువు అనే మాట మాత్రం ఈ ఊళ్లో నా పేరు పక్కన రాయించుకోవడానికి మనసు రాలేదు. దానికి కారణం ఉంది, కాసేపాగి చెప్తాను. చివరికి తెలుగు వరస ఖాళీగానే మిగిలింది. ఆ వరస రాయలేదు కాబట్టి కూలిలో ముప్ఫై రూపాయలు తగ్గించుకున్నాడు ఆయన. కొత్త వృత్తిలో నా తొలి ఆదాయం అదే.

కోచ్ అన్న మాటతోనూ సుఖం లేదు. మా అత్తగారి ఊరు కుప్పం. ఆ ఊరి వాళ్లకు కోచ్ అంటే రైలు పెట్టె. జోలార్‌పేట–బెంగళూరు లైను మీద ఉన్న ఊరు కదా, పొద్దున్నే టిఫిన్ క్యారియర్లు పట్టుకుని బెంగళూరు ఉద్యోగాలకు పోయేవాళ్లు, రాత్రికి తూగుతూ దిగేవాళ్లు. ఆరేళ్లు నేనూ వాళ్లలో ఒకణ్ణి. అందుకే నా బోర్డు సంగతి తెలియగానే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, నువ్వు ఏ కోచ్? రిజర్వేషనా, జనరలా?" అన్నాడు.

వాడు ఎగతాళికే అన్నా, ఆ మాట నిజానికి దగ్గరే. హంగరీలో కోచ్ అనే పల్లె ఒకటుంది. 15వ శతాబ్దంలో అక్కడ కుదుపు తక్కువగా ఉండే గుర్రబ్బండ్లు చేసేవారు. ఊరి పేరే బండి పేరయింది, యూరప్‌లో చాలా భాషల్లోకి పాకింది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌కి ఆ బండి పేరు తగిలించారు. అక్కణ్ణుంచి అది ఆటస్థలాల్లోకి పోయింది. బండి పని ఎక్కినవాణ్ణి అతను పోవాలనుకున్న ఊరికి చేర్చడం. ఎక్కడికి పోవాలో బండి చెప్పదు. ఈ చరిత్ర అంతట్లో నాకు పనికొచ్చిన ముక్క ఇదొక్కటే.

ఆటస్థలం నుంచి బతుకులోకి ఈ మాటను తెచ్చినవాళ్లలో టిమోతీ గాల్వే ఒకడు. టెన్నిస్ నేర్పే మనిషి. వల అవతల ఉన్నవాడికంటే ఆడేవాడి బుర్రలో కూచుని సణిగేవాడితోనే అసలు పోటీ అని 1974లో ఒక పుస్తకం రాశాడు. తర్వాత థామస్ లెనార్డ్ అనే అమెరికన్, డబ్బు లెక్కలు చూసిపెట్టే సలహాదారు, 1992లో కోచ్‌లను తయారుచేసే సంస్థ పెట్టాడు, 1995లో ఆ వృత్తి వాళ్లందరికీ అంతర్జాతీయ సమాఖ్య పెట్టాడు. ఆ సమాఖ్య లెక్క ప్రకారం తొలి మెట్టు ఎక్కాలంటే 60 గంటల చదువు, 100 గంటల అనుభవం కావాలి. చివరి మెట్టుకు 2,500 గంటల అనుభవం. మా వీధిలో ఇరవై ఏళ్లుగా అరుగు మీద కూచుని వచ్చేపోయే వాళ్లందరికీ సలహాలు చెప్పే ఒక బాబాయి ఉన్నాడు. గంటలే లెక్కయితే ఆయన ఎప్పుడో పై మెట్టు దాటేశాడు.

మన దగ్గర ఇదే సరుకు వేరే దారిలో వచ్చింది. నా వయసు వాళ్ల హాస్టల్ ట్రంకు పెట్టెలో యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' ఉండేది, అట్ట ఊడిపోయి. బి.వి. పట్టాభిరాం హిప్నాటిజం వేదిక మీది నుంచి వ్యక్తిత్వ వికాసంలోకి నడిచొచ్చి ఊరూరా సభలు పెట్టేవారు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. ఇంటర్లో ఫిజిక్స్ తప్పినప్పుడు నన్ను నిలబెట్టింది ఫిజిక్స్ లెక్చరర్ కాదు, బస్టాండు అంగట్లో కొన్న అలాంటి పుస్తకమే. కాకపోతే పుస్తకం చదివేవాడు మధ్యలో చెయ్యెత్తి "అది కాదు సార్, మా ఇంట్లో సంగతి వేరే" అనడానికి లేదు. మనుషుల కష్టాలన్నీ "మా ఇంట్లో సంగతి వేరే" దగ్గరే మొదలవుతాయి.

ఇక నా సంగతి.

బెంగళూరులో ఒక కంపెనీలో ఇరవై రెండేళ్లు హెచ్చార్‌లో చేశాను. మనుషుల్ని తీసుకునేటప్పుడు నవ్వుతూ మాట్లాడడం, తీసేసేటప్పుడు మెల్లగా మాట్లాడడం. రెండోది నేను బాగా చేస్తానని పేరు. ఒక ఏడాది ఆర్డర్లు తగ్గి మనుషుల్ని వదిలించుకోవలసి వచ్చింది. జాబితాలో పుంగనూరు పక్క పల్లె కుర్రాడొకడు ఉన్నాడు. నా మాట యాస పట్టేశాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, "సార్, మీరు మన పక్క వాళ్లే కదా. హెచ్చార్‌గా కాదు, అన్నగా చెప్పండి. నేనేం చేసేది?" అన్నాడు.

నేను అన్నగానే చెప్పాను. రాజీనామా రాసిస్తే మూడు నెలల జీతం వస్తుందనీ, పేరు చెడదనీ, మొండికేస్తే రెండూ పోతాయనీ. మాట మెత్తగా ఉంది, యాస కూడా మనదే. వాడు సంతకం పెట్టి, లేచి నిలబడి, నాకు దండం పెట్టాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అది ఆ వారం కంపెనీకి కావలసిన సలహా. వాడికి ఏది మేలో నేను ఆలోచించనే లేదు. ఆలోచించే తీరిక ఇవ్వకుండా నా నోట్లో జవాబు ముందే పెట్టి ఉంది. అన్న గొంతులో కంపెనీ మాట్లాడింది. ఆ దండం ఇప్పటికీ నా ఖాతాలో అప్పుగానే ఉంది.

రాత్రి రైల్లో కుప్పం పోతూ, కిటికీ అవతల చీకట్లో వెనక్కి పోతున్న దీపాలు చూస్తూ, జీవితంలో నాకు సలహా చెప్పినవాళ్లందర్నీ ఒక్కొక్కర్నే తలుచుకున్నాను. కాలక్షేపానికి మొదలుపెట్టిన పని అది, తిన్నగా సాగలేదు. ప్రతి సలహా వెనకా ఒక వాటా కనబడడం మొదలైంది.

మేనమామ బెంగళూరు వద్దు, ఊళ్లోనే ఉండరా అన్నాడు. ఆయనకు ముగ్గురు కూతుళ్లు. మాస్టారు టీచర్ ట్రైనింగ్‌కు పొమ్మన్నారు. తాను నడిచిన దారి మంచిదేనని ఇంకొకడు కూడా నడిచి రుజువు చేస్తే ఆయనకు తృప్తి. మా నాన్న టమోటా వేస్తే మండీ ఆయన, "ఈసారీ టమోటానే వెయ్యి రెడ్డీ, రేటు లేస్తాది" అనేవాడు. లాగోడికి అడ్వాన్సు ఇచ్చింది ఆయనే, పంట రావలసింది ఆయన మండీకే. రేటు లేచిన మాటా నిజమే, ఎప్పుడో ఒకసారి. 2023 జూలై ఆఖర్లో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమోటా కిలో రెండొందల అంచుదాకా పోయింది. మరో ఏడు అదే సరుకు కోతకూలి రాక రోడ్డు పక్కన పారబోసి పోతారు. రెండు ఏళ్లలోనూ మండీ ఆయన సలహా మారదు. చివరికి అమ్మ. అమ్మ సలహాలో వాటా లేదనుకుంటాం. కొడుకు కళ్ల ముందుండాలనే వాటాకంటే పెద్దది ఏముంటుంది?

వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. పల్లెలో, పేటలో బతుకులు ఒకదాంతో ఒకటి అల్లుకుని ఉంటాయి, ఒకడు కదిలితే నలుగురు కదలాలి. అందుకే ఆ నలుగురూ నోరు తెరుస్తారు. సలహా మనకు ఊరికే వస్తుందంటాం గానీ, దాని ఖరీదు చెప్పేవాడు ముందే కట్టుకుని ఉంటాడు.

అప్పుడనిపించింది, నా నిర్ణయంలో పైసా వాటా లేని మనిషితో ఒక్క గంట మాట్లాడి ఉంటే నా బతుకు ఎట్లుండేదో అని. మారి ఉండేదని కాదు. బహుశా ఇదే ఉద్యోగం, ఇదే రైలు. కానీ ఇది నేను ఎంచుకున్నానని తెలిసి ఉండేది.

అంతే, అక్కణ్ణుంచి మొదలు. రెండేళ్లు శని ఆదివారాలు ఆన్‌లైన్లో నేర్చుకున్నాను. నేర్పింది ప్రధానంగా నోరు మూసుకోవడం. ఎదుటి మనిషి ఆగినప్పుడు ఆ ఖాళీని మన మాటతో నింపకుండా పది లెక్కపెట్టడం. హెచ్చార్‌లో ఇరవై రెండేళ్లు చేసినవాడికి ఆ పది లెక్కలు కొండెక్కినంత పని. తర్వాత ఉద్యోగం మానేసి, మదనపల్లెలో అమ్మ ఉన్న ఇంటికి వచ్చేశాను.

అమ్మకు విషయం చెప్పిన రోజు పెద్ద చర్చ జరిగింది.

"ఊరికే చెప్తేనే వినేవాళ్లు లేరు. దుడ్లిచ్చి ఎవురు వింటార్రా?"

"వాళ్లు వినడానికి కాదమ్మా దుడ్లిచ్చేది. నేను వినడానికి."

"వినడానికి దుడ్లా? ఆ మాత్రానికి నేను లేనా?"

"సరే, విను. నాకు ఈమధ్య నిద్ర సరిగ్గా—"

"రాత్రిపూట ఆ పెరుగన్నం వద్దంటే విన్నావా నువ్వు!"

ఈ ఊరికి అలసిన మనుషులు రావడం కొత్త కాదు. ఊరి పక్కనే ఆరోగ్యవరం. క్షయకు మందులేని రోజుల్లో, అంటే స్ట్రెప్టోమైసిన్ రాకముందు, దక్షిణాది నలుమూలల నుంచి రోగులు ఇక్కడి శానటోరియానికి వచ్చి నెలల తరబడి ఉండేవారు. డాక్టర్ల దగ్గర ఉన్నది గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ థియోసాఫికల్ కళాశాలలో కొన్నాళ్లు ఆగి, 'జన గణ మన'ను ఇంగ్లీషులోకి ఇక్కడే చేశారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాటకు స్వరలిపి రాశారు. పరాయి వాళ్లకు ఇంత సేద దీర్చిన ఊరు, తన గడ్డ మీద పుట్టినవాణ్ణి మాత్రం ప్రపంచం మీదికి వదిలిపెట్టింది.

గురువు అనే మాట ఇక్కడ రాయించుకోలేకపోవడానికి కారణం ఆయనే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు, ఎనిమిదో సంతానం. తండ్రి నారాయణయ్య రెవెన్యూలో ఉద్యోగి. రిటైరయ్యాక 1909లో మద్రాసు అడయారు చేరారు. అక్కడ సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న పిల్లవాణ్ణి దివ్యజ్ఞాన సమాజం వాళ్లు చూసి, లోకానికి రాబోయే గురువు ఇతనే అన్నారు. 1911లో ఆయన కోసం ఒక సంఘమే పెట్టారు, దేశదేశాల్లో వేల మంది సభ్యులు చేరారు. హాలండ్‌లో ఒక జమీందారు కోటనూ వేల ఎకరాల భూమినీ రాసిచ్చాడు. 1929 ఆగస్టు 3న అదే హాలండ్‌లోని ఓమెన్‌లో, సమాజం అధ్యక్షురాలు అనిబిసెంట్ ముందే కూచుని వింటుండగా, 34 ఏళ్ల కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేసేశారు. తనకు శిష్యులు అక్కర్లేదన్నారు. కోట, భూమి ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చేశారు.

చాలామంది ఆయన మాటలు చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ తిరిగిచ్చిన దస్తావేజులే ఎక్కువ పట్టుకున్నాయి. గురువును కాను అనడం తేలిక, అన్నాక కూడా దండలు పడతాయి. ఆ మాటతో పాటు కోట తాళాలు ఇచ్చేయడం వేరు. వినేవాడి భక్తి కూడా చెప్పేవాడికి వాటాయేనని ఆయనకు తెలుసు.

అయితే ఒక చిన్న లెక్క కూడా చెప్పుకోవాలి, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, పెరుగన్నం తిన్నా తినకపోయినా. ఆయన కుర్రతనంలోనే మేరీ డాడ్జ్ అనే సంపన్న అమెరికన్ మహిళ, ఆయన బతికినన్నాళ్లూ ఏడాదికి 500 పౌండ్లు అందేలా ఏర్పాటు చేసింది. వాటా వదులుకోవాలంటే ముందు కూడు గడవాలి. నాకు మేరీ డాడ్జ్ లేదు. మూడో తారీఖున గది బాడుగ ఉంది.

ఇదే ఈ వృత్తిలో ఉన్న ముల్లు. నీ నిర్ణయంలో నాకు వాటా లేదని గంటకు ఐదొందలు తీసుకుంటాను. తీసుకున్న క్షణం నుంచి నాకు ఒక వాటా పుడుతుంది: నువ్వు మళ్లీ రావాలి. బాగా పనిచేస్తే నువ్వు రాకూడదు. ఈ రెండింటి మధ్య నిజాయితీగా నిలబడ్డం ఏ 60 గంటల కోర్సులోనూ రాదు. నెలకొకసారి లెక్కల పుస్తకం తీసినప్పుడు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

మొదటి రెండు నెలలు ఎవరూ రాలేదు. వచ్చిన ఒకాయన కూడా గోచారం చూస్తానేమో అనుకుని వచ్చాడు. మూడో నెల పుంగనూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బీటెక్, బెంగళూరులో ఉద్యోగం. దాన్ని మానేసి పుంగనూరు ఆవులు పెంచాలని ఉంది. ఆ ఆవు సంగతి తెలిసిందే: మూడడుగులకు అటూ ఇటూ ఎత్తు, రోజుకి కొద్దిపాటి పాలు, ఆ పాలల్లో మాత్రం వెన్న మామూలు ఆవుకంటే ఎక్కువ. అంతరించిపోతుందంటే పలమనేరు పశు పరిశోధన కేంద్రం వాళ్లు కాపాడుకొచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి గడ్డి మేపుతున్న ఫోటోలు వచ్చాక రేట్లు ఆకాశానికి పోయాయి. ఊళ్లో దూడలు అమ్మేవాడు వెంటనే మానెయ్యమంటున్నాడు. ఇంట్లో నాన్న చంపేస్తా అంటున్నాడు. ఇద్దరి వాటాలూ స్పష్టమే.

"మీరు చెప్పండి సార్, మానేదా వద్దా?"

నేను పది లెక్కపెట్టాను. ఆవుల్లేకుండా ఊరికే ఉద్యోగం మానే వీలుంటే మానతావా అని అడిగాను. ఉద్యోగం ఉంచుకునే ఆవులు పెంచే వీలుంటే పెంచుతావా అని అడిగాను. ఆవుల గురించి ఎప్పుడు మొదట అనిపించింది అని అడిగాను. మూడో ప్రశ్నకు వాడికి కోపం వచ్చింది.

"ఐదొందలిచ్చింది ప్రశ్నలు అడిగించుకునేదానికా సార్? అవునో కాదో ఒక ముక్క చెప్పలేరా?"

చెప్పగలను. నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. వాడు ఉద్యోగం మానేసి, ఆవులు పెట్టి, గెలిస్తే పుంగనూరు అంతా నా పేరు చెప్పుకుంటుంది, నా గది ముందు వరస కడతారు. అవును అనమని నా బాడుగ నాకు చెప్తోంది. ఆ అవును నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఆ క్షణంలో ఆ పాత కుర్రాడి దండం గుర్తుకొచ్చి ఆగాను. ధైర్యం అనుకునేరు, భయమే.

చాలాసేపు ఇద్దరం ఊరుకున్నాం. కింద టీ అంగట్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు. తర్వాత వాడు గోడకేసి చూస్తూ, "మా తాత దగ్గర ఒక ఆవుండేది. అక్క పెండ్లికి అమ్మేసినారు. అది పొయ్యేటప్పుడు నేను బడిలో ఉన్నా" అన్నాడు. దాని మీద అరగంట మాట్లాడాడు. లేచిపోతూ, "నాకు డెయిరీ వద్దనుకుంటా సార్. ఒక ఆవు చాలేమో" అన్నాడు. నేనేమీ అనలేదు. మళ్లీ రాలేదు. కొన్నాడో లేదో నాకు తెలీదు. అడగడం నా పని కాదు, అడగాలని మాత్రం ఉంది.

మా బావమరిది ఒక మంచి బేరం తెచ్చాడు. కుప్పంలో గ్రానైట్ పాలిష్ యూనిట్ ఒకటి, ఓనరు వాడి స్నేహితుడు. సూపర్‌వైజర్లు నలుగురికీ తలా పది సిట్టింగులు, డబ్బు మొత్తం ముందే. అంతా బాగుంది. పేపర్లు రాసుకునేటప్పుడు ఓనరు మెల్లగా, "వాళ్లలో ఎవురు ఉంటారో, ఎవురు పోతారో కొంచెం కనుక్కోండి సార్" అన్నాడు. డబ్బు ఇచ్చేది ఒకరు, మాట్లాడేది ఇంకొకరు అయినప్పుడు ఎవరికి ఏం తెలుస్తుందో ముందే ముగ్గురూ కూచుని ఒప్పుకోవాలనీ, గదిలో మాట గదిలోనే ఉండాలనీ మా వృత్తి నియమం. అది చెప్పాను. ఆయన నవ్వి, టీ ఇప్పించి, పంపేశాడు. బావమరిది ఆరు వారాలు నాతో మాట్లాడలేదు. వాడికి కమీషన్ ఉందని తర్వాత మా ఆవిడ చెప్పింది. వాటా లేని మనిషి ఎక్కడ దొరుకుతాడు!

ఒక సంగతి మాత్రం ఎగతాళి లేకుండా చెప్పాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. లైఫ్ కోచ్‌కి అట్లాంటిదేమీ లేదు. రేపు మీరూ బోర్డు పెట్టొచ్చు. పెడితే మొదట తెలియాల్సింది ఎప్పుడు ఆగాలో.

నీరుగట్టువారిపల్లె మగ్గాల ఇళ్ల నుంచి ఒక అక్క వచ్చింది. కొడుకు చదువు గురించి మాట్లాడాలని చెప్పి వచ్చింది గానీ కొడుకు మాట రెండు నిమిషాల్లో అయిపోయింది. నెలలుగా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, పొద్దున లేవడమే బరువు. చివరగా, ఎవరికి ఏం ఉపయోగం నేనుండి, అంది. నేను అక్కడితో ప్రశ్నలు ఆపేశాను. ఇది నా బండి పోయే ఊరు కాదు. ఆ మాటే ఆమెకు చెప్పి, ఆమె ఎదురుగానే టెలిమానస్ 14416కి ఫోన్ కలిపాను. 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న ఉచిత నంబరు అది, తెలుగులోనూ మాట్లాడతారు. మర్నాడు అమ్మను తోడిచ్చి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను. అమ్మ దారి పొడుగునా ఒక్క సలహా కూడా చెప్పలేదట. తర్వాత ఎట్లా ఊరుకున్నావమ్మా అని అడిగితే, "ఆ బిడ్డ చెయ్యి పట్టుకోనుండా. మాట్లాడేదానికి ఏముండాది?" అంది. ఈ మధ్య ఆ అక్క మందులు వేసుకుంటోంది, మగ్గం మీద కూచుంటోంది. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఫీజు తీసుకోలేదు.

టమోటా రేటు పడిపోయిన నెలలో ఒక రైతు వచ్చి, డబ్బులకు బదులు ఒక క్రేటు టమోటాలు దింపిపోయాడు. పోతూ, "వచ్చే కారుకి ఏం వెయ్యమంటారు?" అని అడిగాడు. అదీ నేను చెప్పలేదు. అమ్మ ఆ టమోటాలతో ఊరగాయ పెట్టింది. పెట్టేటప్పుడు వంటింట్లోంచి అరిచింది: "చెప్పేది ఏమీ లేదు, అడిగేదే, అయినా సరుకొస్తా ఉండాది. ఇదేం ఉద్యోగంరా!"

ఈ నెల ముగ్గురు వచ్చారు. ఒకరు డబ్బులిచ్చారు, ఒకరు టమోటాలిచ్చారు, ఒకరు ఆలోచించి చెప్తానన్నారు. బాడుగ మూడు వేలు.

బోర్డులో తెలుగు వరస ఇంకా ఖాళీగానే ఉంది. పొద్దున మెట్లెక్కుతూ చూసినప్పుడల్లా అక్కడ ఏదో ఒక మాట ఉండాలనిపిస్తుంది. శిక్ష లేనిది, పదవి కానిది, చీటీ కట్టనక్కరలేనిది. మీకేమన్నా మాట తడితే చెప్పండి. ముప్ఫై రూపాయలు ఇచ్చుకుంటాను.